ప్రాణవాయువు చేయు చేటు – మూత్రపిండ కణము చేయు శుద్ధి

మూత్రపిండములు రక్తమును వడగట్టు జల్లెడలని మనమందరము చిన్ననాటనే చదువుకొన్నాము. ఆ మాట నిజమే గాని, అందులో చెప్పక విడిచినది చాల కలదు. వడగట్టుట అచ్చట జరుగు పనిలో తేలిక భాగము. ఆరోగ్యవంతుడైన మనిషి శరీరములో మూత్రపిండములు దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవమును రక్తమునుండి వడగట్టును. అందులో మూత్రముగా బయటికి పోవునది ఒకటి రెండు లీటర్లు మాత్రమే. మిగిలిన నీరంతయు, అందులోని ఉప్పు, చక్కెర, ఆమైనో ఆమ్లములు మొదలగువానితో కూడ, తిరిగి రక్తమును చేరవలెను. ఇది దానంతట అది జరుగు పని కాదు. సన్నని నాళికల గోడలలో ఇటుకలవలె పేర్చియున్న కణములు రాత్రింబగళ్లు శ్రమించి ఈ పనిని నెరవేర్చుచున్నవి.

మన శరీరపు బరువులో రెండు మూత్రపిండముల వంతు నూటికి ఒక పాలు కూడ లేదు. అయినను గుండె పంపు రక్తములో సుమారు అయిదవ వంతు వానికే పోవును. ఒక్కొక్క మూత్రపిండములో సుమారు పది లక్షల వడపోత గుచ్ఛములు కలవు. గుచ్ఛమును దాటిన వెంటనే వచ్చు నాళికాభాగమును సమీప నాళిక అందురు. వడగట్టిన ద్రవములో దాదాపు మూడింట రెండు వంతులు ఇచ్చటనే తిరిగి పీల్చుకొనబడును. దీనికి శక్తి కావలెను. శక్తికి ప్రాణవాయువు కావలెను. అందుచేత ఈ కణములు శక్తిని పుట్టించు మైటోకాండ్రియాలతో క్రిక్కిరిసియుండును. పొయ్యి మండుచున్నంతసేపు పొగ తప్పనట్లే, ప్రాణవాయువు ఇంత విరివిగా ఖర్చగు చోట దానినుండి పుట్టు చురుకైన, హానికరములైన అణువులు కూడ తప్పవు.

ఈ కణములకు మరియొక పని కూడ కలదు. ఇన్సులిన్ వంటి చిన్న మాంసకృత్తులు వడపోతలో జారి నాళికలోనికి వచ్చును. సమీప నాళికాకణములు వానిని లోనికి తీసికొని, ముక్కలు చేసి, ఆమైనో ఆమ్లములుగా తిరిగి రక్తమున కప్పగించును. తమ స్వంత మాంసకృత్తులలో పాతబడినవానిని, చెడినవానిని విడగొట్టుట సరే, అది ఎట్లును చేయవలసినదే. ఒకవైపు ప్రాణవాయువు వలన కలుగు చేటు, మరియొకవైపు మాంసకృత్తుల విచ్ఛేదము—ఈ రెండును ఒకే కణములో ప్రక్కప్రక్కనే సాగుచున్నను, వాని పరస్పర సంబంధము మనకు తెలియుటకు అర్ధశతాబ్దమునకు పైగా పట్టినది. ఆ చరిత్రనే ఇచ్చట సంగ్రహముగా చెప్పదలచినాము.

ఇరువదవ శతాబ్దపు తొలి దశాబ్దములలో శాస్త్రజ్ఞులు శరీరమును ఆవిరి యంత్రముతో పోల్చెడివారు. తినిన తిండి బొగ్గు వంటిది, అది కాలిపోవును. శరీరము యంత్రము వంటిది. అది నిలిచియుండును, బహు కొద్దిగా మాత్రమే అరుగును. మూత్రములోని యూరియా మొదలగు పదార్థములను జాగ్రత్తగా కొలిచి, అమెరికాలోని ఆటో ఫోలిన్ 1905లో ప్రకటించిన సిద్ధాంతము స్థూలముగా ఇట్టిదే. తినిన మాంసకృత్తులది ఒక దారి, శరీరములోని మాంసకృత్తులది వేరొక దారి అని ఆయన భావించినారు. ముప్పది సంవత్సరములకు పైగా ఈ అభిప్రాయమే పాఠ్యగ్రంథములలో చెల్లినది.

దానిని తారుమారు చేసినవారు రుడాల్ఫ్ షోన్‌హైమర్. హిట్లర్ అధికారమునకు వచ్చిన 1933లోనే ఈ యూదు శాస్త్రజ్ఞుడు జర్మనీని విడిచి న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమును చేరినారు. అచ్చట ఆయనకు ఒక క్రొత్త సాధనము దొరికినది. మామూలు నత్రజనికంటె కొంచెము బరువైన నత్రజనిని వేరుపరచు విధానము అప్పుడే అందుబాటులోనికి వచ్చినది. ఆ నత్రజనిని గుర్తుగా ఉంచిన ఆమైనో ఆమ్లములను ఎలుకలకు తినిపించి, ఆ గుర్తు ఎచ్చటికి పోవునో వెదకినారు. ఎలుకలు పూర్తిగా పెరిగినవి. వాని బరువు మారలేదు. పాత సిద్ధాంతము ప్రకారమైతే గుర్తు పెట్టిన నత్రజని దాదాపు అంతయు మూత్రములో పోవలెను. అట్లు జరుగలేదు. అందులో పెద్ద భాగము శరీరములోని మాంసకృత్తులలో చేరిపోయినది. అనగా, పైకి నిలకడగా కనబడు శరీరములో పాత మాంసకృత్తులు ఎడతెగక విడిపోవుచు, క్రొత్తవి వాని స్థానమున ఏర్పడుచున్నవన్నమాట. షోన్‌హైమర్ 1941లో మరణించినారు. ఈ విషయముపై ఆయన ఉపన్యాసములు 1942లో పుస్తకరూపమున వెలువడినవి.

మాంసకృత్తులు నిరంతరము విడిపోవుచున్నవని తెలిసినది. అవి ఎట్లు విడిపోవుచున్నవి? 1953లో మెల్విన్ సింప్సన్ ఎలుక కాలేయపు పలుచని ముక్కలపై పరిశోధన జరిపి ఒక వింత విషయమును గమనించినారు. కణమునకు శక్తి అందకుండ చేసినచో మాంసకృత్తుల విచ్ఛేదము కూడ మందగించుచున్నది. ఇల్లు కట్టుటకు ఖర్చు కావలెను గాని, కూల్చుటకు ఇంత ఖర్చెందుకు? మన కడుపులో ఆహారపు మాంసకృత్తులను జీర్ణము చేయు ఎంజైములకు ఇట్టి శక్తి అక్కరలేదు. ఈ చిక్కుముడి ఇరువదియైదేండ్లవరకు విడలేదు.

కణములో శక్తిని చేరవేయు పదార్థము అడినోసిన్ ట్రైఫాస్ఫేట్. దానినే పొట్టిగా ఏ.టి.పి. అందురు. ఈ పేరు తెలుగువారికి పరాయిది కాదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, సైరస్ ఫిస్కేతో కలసి, కండరములలో దీని ఉనికిని 1929లో ప్రకటించినారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడ అదే ఏట దానిని వేరుగా కనుగొన్నారు. సుబ్బారావుగారు పనిచేసినది హార్వర్డు వైద్యకళాశాలలో, పైన చెప్పిన ఫోలిన్ అధ్యక్షత వహించిన శాఖయందే. మాంసకృత్తుల విచ్ఛేదమునకు సుబ్బారావుగారు కనుగొన్న పదార్థమే కావలసియుండునని ఆనాడు ఊహించినవారు లేరు.

ఇప్పుడు మూత్రపిండమునకు వత్తము. ఈ చరిత్రలో 1954 ముఖ్యమైన సంవత్సరము. ఆ ఏట స్వీడన్ దేశపు యోహన్నెస్ రోడిన్, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చిట్టెలుక మూత్రపిండములోని సమీప నాళికాకణములను పరిశీలించి, తన సిద్ధాంత గ్రంథములో అంతవరకు ఎవరును వర్ణింపని చిన్న చిన్న గుండ్రని కాయములను వర్ణించినారు. అవి ఎందుకున్నవో ఆయనకు తెలియలేదు. సూక్ష్మకాయములని మాత్రము పేరు పెట్టినారు. అదే ఏట వెర్నర్ స్ట్రాస్, ఎలుక మూత్రపిండ కణములనుండి బిందువులవంటి మరియొక రకపు కాయములను వేరుచేసినారు. వానిలో మాంసకృత్తులను, ఇతర పదార్థములను విడగొట్టు ఎంజైములు దండిగా ఉన్నట్లు తేలినది. నాళికలోనికి జారి వచ్చిన మాంసకృత్తులు వచ్చి చేరునది ఈ బిందువులలోనే.

మూడవది మూత్రపిండమునకు సంబంధించినది కాదు, అయినను ముఖ్యమైనది. అర్జెంటీనా దేశపు శాస్త్రజ్ఞురాలు రెబెకా గెర్ష్‌మన్, అమెరికాలోని రోచెస్టరులో తన సహచరులతో పనిచేయుచు, 1954లో ఒక సాహసమైన ప్రతిపాదన చేసినారు. ప్రాణవాయువు మితిమీరినచో జీవులకు విషమగును. ఎక్స్‌కిరణములు కూడ జీవులకు హాని చేయును. పైకి సంబంధములేని ఈ రెండింటి వెనుక ఒకే కారణము కలదనియు, ప్రాణవాయువునుండి పుట్టు చురుకైన స్వేచ్ఛాకణములే ఆ కారణమనియు ఆమె వాదించినారు. స్వేచ్ఛాకణమనగా జత లేని ఎలక్ట్రాను గల అణువు. అది ప్రక్కనున్న అణువునుండి ఎలక్ట్రానును లాగుకొని దానిని చెడగొట్టును. ప్రాణము నిలుపు వాయువే ప్రాణమునకు చేటు తెచ్చుననుట ఆనాటి వారికి సులభముగా మింగుడు పడలేదు.

రోడిన్ సూక్ష్మకాయములు, స్ట్రాస్ బిందువులు, గెర్ష్‌మన్ స్వేచ్ఛాకణములు—ఇవి మూడును ఆనాడు మూడు వేర్వేరు విషయములు. ఒకటి స్వరూపశాస్త్రము, ఒకటి జీవరసాయనము, ఒకటి వికిరణశాస్త్రము. వీనిలో మొదటి రెండింటిని దగ్గరకు తెచ్చినవారు బెల్జియము దేశములోని లూవెన్ విశ్వవిద్యాలయమున పనిచేసిన క్రిస్టియన్ డి డ్యూవ్. ఎలుక కాలేయముపై పనిచేయుచు 1955లో ఆయన, జీర్ణకారి ఎంజైములను లోపల బంధించియుంచు పొరసంచులు కణములో కలవని ప్రకటించి, వానికి లైసోజోములని పేరు పెట్టినారు. మూత్రపిండములో స్ట్రాస్ చూచిన బిందువులు ఈ కోవకు చెందినవే. 1960ల మధ్యలో రోడిన్ సూక్ష్మకాయముల గుట్టు కూడ తేలినది. వానిలోని కొన్ని ఎంజైములు హైడ్రోజన్ పెరాక్సైడును పుట్టించును. కాటలేజు అను మరియొక ఎంజైము దానిని నాశనము చేయును. విషము, విరుగుడు రెండును ఒకే సంచిలో ఉన్నవి. డి డ్యూవ్ వానిని పెరాక్సిజోములనినారు. ఈ కృషికి 1974లో ఆయనకు నోబెల్ బహుమానములో భాగము లభించినది.

ఈ మధ్యకాలములో మూత్రపిండమే మరియొక ఆనవాలును చూపినది. 1957లో శామ్యూల్ క్లార్క్, అప్పుడే పుట్టిన చిట్టెలుకల మూత్రపిండ కణములలో కొన్ని పొరసంచులను చూచినారు. వాని లోపల విరిగిన మైటోకాండ్రియాలు ఉన్నవి. కణము తన అంగములను తానే మింగి జీర్ణము చేసికొనుచున్నదన్నమాట. 1963లో డి డ్యూవ్ దీనికి స్వభక్షణమను అర్థము వచ్చు గ్రీకు పేరు పెట్టినారు. దీనిని నడుపు జన్యువులను జపాన్ దేశపు యోషినోరి ఓసుమి 1990లలో ఈస్టు కణములలో గుర్తించి, 2016లో నోబెల్ బహుమానము నందుకొన్నారు.

ఇక ప్రాణవాయువు సంగతి. 1938నుండి ఒక నీలి రంగు మాంసకృత్తు రసాయనికులకు తెలిసియుండెను. అది ఎఱ్ఱ రక్తకణములలో నుండును, అందులో రాగి యుండును. దాని పని యేమో ఎవరికిని తెలియదు. 1969లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమున జో మెకార్డ్, ఇర్విన్ ఫ్రిడొవిచ్ దాని పనిని కనుగొన్నారు. అది సూపరాక్సైడు అను స్వేచ్ఛాకణమును పట్టి నశింపజేయు ఎంజైము. ప్రాణవాయువును వాడు జీవుల కణములన్నిటను ఇట్టి ఎంజైములు ఉన్నవని క్రమముగా తేలినది. శత్రువు లేనిదే ఇన్ని కోటలెందుకు? గెర్ష్‌మన్ వాదమునకు ఇది గట్టి బలమైనది. కణములో పుట్టు ఈ చురుకైన అణువులకు, వానిని అణచు శక్తులకు మధ్య సమతౌల్యము చెడి, మొదటివానిది పైచేయి అగుటను జర్మనీకి చెందిన హెల్ముట్ సీస్ 1985లో ఆక్సీకరణ ఒత్తిడి అని నిర్వచించినారు. నేడు మనము వాడు మాటకు మూలమదే.

మూత్రపిండమునకు ఈ ఒత్తిడి ఎంత ప్రమాదకరమో 1984లోనే రుజువైనది. మార్క్ పాలర్, ఆయన సహచరులు ఎలుకల మూత్రపిండ ధమనిని కొంతసేపు మూసి, తిరిగి తెరచినారు. రక్తము ఆగినందున కొంత హాని కలిగినది; సహజమే. అయితే రక్తము తిరిగి వచ్చి ప్రాణవాయువు ఒక్కసారిగా అందినప్పుడు మరికొంత హాని కలిగినది. సూపరాక్సైడును అణచు ఎంజైమును ముందుగా ఇచ్చిన ఎలుకలలో ఆ హాని తగ్గినది. మూత్రపిండ మార్పిడి శస్త్రచికిత్సలో, చల్లబరచియుంచిన అవయవమునకు రక్తమును తిరిగి కలుపు క్షణము ఎందుకు గండమో దీనివలన తెలియుచున్నది. పెద్ద శస్త్రచికిత్సలలోను, తీవ్రమైన రక్తస్రావములోను, వడదెబ్బలోను మూత్రపిండములు ముందుగా దెబ్బతినుటకు గల కారణములలో ఇదియు ఒకటి.

ఇదిట్లుండగా సింప్సన్ విడిచిన చిక్కుముడి విడినది. ఇజ్రాయెల్ దేశములోని హైఫా నగరమందు అవ్రామ్ హెర్ష్‌కో, ఆయన శిష్యుడు ఆరన్ సిఖనోవర్, అమెరికాలోని ఇర్విన్ రోజ్ సహకారముతో, 1978–80 మధ్యకాలములో కుందేలు రక్తకణముల సారముపై పరిశోధనలు జరిపినారు. విడగొట్టవలసిన మాంసకృత్తుకు కణము ముందుగా ఒక చీటీ అంటించుననియు, ఆ చీటీ ఉబిక్విటిన్ అను 76 ఆమైనో ఆమ్లముల చిన్న మాంసకృత్తు అనియు తెలిసినది. చీటీ అంటించుటకు ఏ.టి.పి. కావలెను. చీటీ అంటిన మాంసకృత్తు ప్రోటియజోము అను పీపావంటి యంత్రములోనికి పోయి ముక్కలగును. దానిని విప్పి లోనికి నెట్టుటకు మరల ఏ.టి.పి. కావలెను. శక్తి ఖర్చగునది కూల్చుటకు కాదు. ఏది కూల్చవలెనో ఏది నిలుపవలెనో నిర్ణయించి, ఆ నిర్ణయమును అమలు జరుపుటకు. ఈ ముగ్గురికి 2004లో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమానము లభించినది.

ఇప్పుడు రెండు దారులును కలియుచున్నవి. స్వేచ్ఛాకణములు తాకిన మాంసకృత్తు ఏమగును? 1980ల తొలి సంవత్సరములలో అమెరికాలో ఎర్ల్ స్టాడ్ట్‌మన్, ఆయన సహచరులు సూక్ష్మజీవులలోని ఒక ఎంజైముపై పరిశోధించి, అది ఆక్సీకరణమునకు లోనైనప్పుడు విచ్ఛేదమునకు సులభముగా దొరకునని చూపినారు. తరువాత కెల్విన్ డేవీస్, తిల్మన్ గ్రూనె మొదలగువారు దీనిని జంతుకణములలో వివరించినారు. కొద్దిగా దెబ్బతిన్న మాంసకృత్తు మడతలు కొంచెము విప్పుకొనును. లోపల దాగియుండవలసిన భాగములు బయటపడును. ప్రోటియజోము నడిమి పీపా దానిని గుర్తించి, చీటీ లేకున్నను, ఏ.టి.పి. లేకున్నను ముక్కలు చేయగలదు. శక్తి కరవైన ఆపత్సమయమున ఇది గొప్ప సౌకర్యము.

కాని ఈ సౌకర్యమునకు ఒక హద్దు కలదు. దెబ్బ తీవ్రమైనప్పుడు మాంసకృత్తులు ఒకదానికొకటి అతుకుకొని ముద్దగట్టును. ఆ ముద్దను పీపా నమలలేదు. నమలలేకపోవుటయే కాక, అది పీపా నోటికి అడ్డుపడి ఇతర పనిని కూడ ఆటంకపరచును. తూము మూసికొనిన వీధిలో మురుగు పేరుకొన్నట్లు, చెడిన మాంసకృత్తులు కణములో పేరుకొనును. వానితో పాటు చెడిన మైటోకాండ్రియాలు తొలగక మిగులును. అట్టివి మరింత ఎక్కువగా స్వేచ్ఛాకణములను వెలువరించును. ఆక్సీకరణము విచ్ఛేదమును చెరచును; చెడిన విచ్ఛేదము ఆక్సీకరణమును పెంచును. ఈ చక్రములో చిక్కుకొనిన కణమునకు బయటపడుట కష్టము.

సమీప నాళికాకణమునకు ఈ ప్రమాదము ఇతర కణములకంటె ఎక్కువ. మధుమేహము, రక్తపుపోటు వంటి వ్యాధులలో వడపోత గుచ్ఛములు దెబ్బతిన్నప్పుడు, మామూలుగా రక్తములోనే నిలువవలసిన ఆల్బుమిన్ అను మాంసకృత్తు నాళికలోనికి అధికముగా జారును. నాళికాకణములు దానిని కూడ లోనికి తీసికొని లైసోజోములలో విడగొట్టవలెను. ఇట్లు ఆల్బుమిన్ భారము పడిన నాళికాకణములలో హైడ్రోజన్ పెరాక్సైడు పెరుగుననియు, దానితో వాపును రేపు జన్యువులు మేల్కొనుననియు ప్రయోగశాలలలో పెంచిన కణములపై తేలినది. అందుచేత మూత్రములో ఆల్బుమిన్ పోవుట రోగమునకు గుర్తు మాత్రమే కాదు. రోగమును ముందుకు నెట్టు శక్తులలో ఒకటి కూడ.

అట్లయినచో ఈ దాడినుండి కణము తన్నుతాను కాపాడుకొనుటెట్లు? దీనికి సమాధానము జపాన్‌లో లభించినది. మసయుకి యమమోటో, ఆయన సహచరులు 1997, 1999 సంవత్సరములలో రెండు మాంసకృత్తుల సంబంధమును వెల్లడించినారు. మొదటిది ఎన్.ఆర్.ఎఫ్.-2, ఇది రక్షక జన్యువులను మేల్కొలుపును. రెండవది కీప్-1, ఇది మొదటిదానిని పట్టియుంచును. ప్రశాంత సమయములో కీప్-1 దానికి ఉబిక్విటిన్ చీటీ అంటింపజేసి ప్రోటియజోమునకు పంపును. కణము ఒకవైపు ఎన్.ఆర్.ఎఫ్.-2ను తయారుచేయుచు, మరియొకవైపు దానిని తయారైన కొద్దిసేపటికే నశింపజేయుచుండును. చూచువారికిది వృథా శ్రమగా తోచును. అయితే స్వేచ్ఛాకణములు పెరిగినప్పుడు అవి కీప్-1 ను తాకి దాని పనిని చెరచును. విచ్ఛేదము ఆగును. ఎన్.ఆర్.ఎఫ్.-2 పేరుకొని, కేంద్రకములోనికి పోయి, రక్షక ఎంజైములను పుట్టించును. క్రొత్తగా సైన్యమును సమకూర్చుకొనుటకు కాలము పట్టును; ఉన్న సైన్యమును ఆపియుంచిన చేయి తొలగుటకు క్షణము చాలును.

ఇచ్చట మాంసకృత్తుల విచ్ఛేదము చెత్తను తొలగించు పనిమనిషి కాదు. ప్రమాదము వచ్చినదని చెప్పు కావలివాడు. ఇట్టి ఏర్పాటు మూత్రపిండములో మరియొకచోట కూడ కలదు. నాళికల నడుమనుండు కొన్ని కణములు, ప్రాణవాయువు తగ్గినప్పుడు, ఎఱ్ఱ రక్తకణములను పెంచు ఎరిత్రోపోయిటిన్ అను హార్మోనును పుట్టించును. దీనిని నడుపు మాంసకృత్తు కూడ ప్రాణవాయువు చాలినంత ఉన్నంతవరకు ఎప్పటికప్పుడు విడగొట్టబడుచుండును. వాయువు తగ్గినప్పుడు నిలుచును. ఈ రహస్యమును ఛేదించిన విలియమ్ కేలిన్, పీటర్ రాట్‌క్లిఫ్, గ్రెగ్ సెమెంజా 2019లో నోబెల్ బహుమానము నందుకొన్నారు. వారిలో రాట్‌క్లిఫ్ మూత్రపిండ వైద్యుడు.

స్వభక్షణమునకు గల ప్రాముఖ్యమును 2011లో ఒసాకా విశ్వవిద్యాలయ పరిశోధకులు స్పష్టముగా చూపినారు. వారు చిట్టెలుకల సమీప నాళికాకణములలో మాత్రము స్వభక్షణము జరుగకుండ చేసినారు. ఆ కణములలో వికృతమైన మైటోకాండ్రియాలు, ఉబిక్విటిన్ చీటీలు అంటిన మాంసకృత్తుల ముద్దలు పేరుకొన్నవి. రక్తమును కొంతసేపు ఆపి తిరిగి విడిచినప్పుడు ఆ ఎలుకల మూత్రపిండములు మామూలు ఎలుకలకంటె ఎక్కువగా దెబ్బతిన్నవి. స్వభక్షణమునకు, పైన చెప్పిన కావలివానికి కూడ సంబంధము కలదని అంతకు ఒక యేడు ముందే తెలిసినది. పి-62 అను మాంసకృత్తు పేరుకొన్నప్పుడు అది కీప్-1 ను పట్టుకొని ప్రక్కకు లాగును. అనగా ఒక విచ్ఛేద మార్గములో పని నిలిచినచో ఆ వార్త రెండవదానికి చేరుచున్నది.

ఇంతవరకు తెలిసిన తరువాత వైద్యులకు ఒక ఆలోచన కలుగుట సహజము. కీప్-1 పట్టును మందుతో సడలించినచో రోగి మూత్రపిండములు తమ్ము తామే కాపాడుకొనవా? బార్డొక్సొలోన్ అను మందు అట్లు పనిచేయును. మధుమేహము వలన మూత్రపిండములు దెబ్బతిన్న 227 మందిపై జరిపిన పరిశీలన ఫలితములు 2011లో వెలువడినవి. రక్తపరీక్షలో వారి వడపోత మెరుగైనట్లు కనబడినది. ఆశలు పెరిగినవి. తరువాత 2,185 మంది రోగులతో పెద్ద పరిశీలన ప్రారంభమైనది. 2012 అక్టోబరులో దానిని మధ్యలోనే నిలిపివేసినారు. మందు పుచ్చుకొన్నవారిలో 96 మంది గుండె వైఫల్యముతో ఆసుపత్రి పాలైరి, లేదా మరణించిరి. మందు లేని మాత్ర పుచ్చుకొన్నవారిలో ఆ సంఖ్య 55. మూత్రపిండములు పూర్తిగా చెడిపోవుట తగ్గినట్లును కనబడలేదు. శరీరము క్షణక్షణము సరిచూచుకొను తూకమును బయటినుండి ఒకేవైపు నెట్టియుంచుట ఎంత కష్టమో ఈ ఉదంతము తెలియజేయుచున్నది.

ఈ చరిత్రను వివరముగా చెప్పుటకు మాకొక ప్రయోజనము కలదు. స్వేచ్ఛాకణములను అణచునని చెప్పి, మూత్రపిండములను శుద్ధి చేయునని చెప్పి, పొడులు, మాత్రలు, కషాయములు నేడు విరివిగా అమ్ముచున్నారు. ప్రాణవాయువు చేయు చేటు నిజమే. ఆ చేటును అణచు పదార్థమును ఎంత తిన్న అంత మేలనుట మాత్రము నిజము కాదు. ఒక్క ఉదాహరణము చాలును. సి విటమిన్ ఆక్సీకరణమును అడ్డగించు పదార్థమే. పండ్లలో, కూరలలో లభించు మోతాదులో అది మేలు చేయును. దానిని మాత్రలరూపమున మితిమీరి పుచ్చుకొన్నచో శరీరములో ఆక్సలేటుగా మారి, మూత్రపిండములలో రాళ్లకు దారితీయగలదు. ఇదివరకే చెడిన మూత్రపిండములను మరింత చెరచనుగలదు. మూత్రపిండ వ్యాధిగ్రస్తులు వైద్యుని అడుగక ఇట్టివి వాడరాదు.

తెలుగునాట ఈ విషయము దూరపు మాట కాదు. శ్రీకాకుళము జిల్లా ఉద్దానము ప్రాంతమున, మధుమేహము గాని రక్తపుపోటు గాని లేని కష్టజీవులు కూడ మూత్రపిండ వ్యాధికి బలియగుచున్న సంగతి శ్రోతలెరిగినదే. అచ్చట గుచ్ఛములకంటె నాళికలు, వాని చుట్టునుండు భాగములు ముఖ్యముగా దెబ్బతినుచున్నవి. త్రాగునీరు, ఎండలో శ్రమ, వంశపారంపర్యము మొదలగు కారణములన్నిటిని పరిశీలించినారు గాని, ఇదియే కారణమని నిశ్చయముగా ఇంకను తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రము, ఆసుపత్రి ప్రారంభమైనవి. నాళికాకణము ఏ దెబ్బకు ఎట్లు స్పందించునో తెలిసికొనుట అచ్చటి కుటుంబములకు పుస్తకపాండిత్యము కాదు, జీవన్మరణ సమస్య.

మూత్రపిండపు నాళికాకణములు కొన్ని నశించినచో ప్రక్కనున్నవి పెరిగి ఆ చోటును కొంతవరకు పూరింపగలవు. కాని ఒక గుచ్ఛము, దాని నాళికతో సహా, పూర్తిగా నశించినచో దాని స్థానమున క్రొత్తది ఏర్పడదు. మనిషికి గుచ్ఛములు ఏర్పడుట పుట్టుకకు పూర్వమే ముగియును. కనుక ఉన్నవానిని కాపాడుకొనుటయే మార్గము. మధుమేహము, రక్తపుపోటు గలవారు ఏడాదికొకసారియైనను మూత్రములో ఆల్బుమిన్ పరీక్ష, రక్తములో క్రియాటినిన్ పరీక్ష చేయించుకొనవలెను. నొప్పి మాత్రలను వైద్యుని సలహా లేక దీర్ఘకాలము మ్రింగరాదు. ఎండలో పనిచేయువారు దప్పిక ముదిరినదాక ఆగక నీరు త్రాగవలెను. ఇవి అందరికి తెలిసిన మాటలే. సమీప నాళికాకణము మోయుచున్న బరువును ఎరిగినవారు వానిని మరికొంత శ్రద్ధతో పాటింతురని మా నమ్మకము.